పోయిన కవరు, లేని డిస్కులు: అమెరికా అణు రహస్యాలకు జవాబుదారీ ఎవరు?

1953 జనవరిలో ఒక రాత్రి భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ వాషింగ్టన్ వెళ్లే రైల్లో స్లీపర్ పెట్టె ఎక్కారు. ఆయన వెంట ఒక గోధుమరంగు కవరు, అందులో ఒక తెల్ల కవరు, ఆ తెల్ల కవరులో ఆరు పుటలు ఉన్నాయి. హైడ్రోజన్ బాంబు పనిచేసే తీరు, అందులో లిథియం-6 అవసరం ఆ ఆరు పుటల్లో ఉన్నాయి. తెల్లవారి చూసుకుంటే గోధుమరంగు కవరు చేతిలోనే ఉంది, తెల్ల కవరు లేదు. ఎఫ్‌బీఐ ఆ పెట్టెను అంగుళం వదలకుండా గాలించింది. పట్టాల వెంబడి కూడా వెతికించింది. నేటికీ అది దొరకలేదు.

అప్పుడే పదవి చేపట్టిన అధ్యక్షుడు ఐజన్‌హోవర్, అణ్వాయుధ కార్యక్రమాన్ని నడిపే అణుశక్తి కమిషన్ సభ్యులను పిలిపించి చీవాట్లు పెట్టారు. కమిషన్ వీలర్‌కు ఒక మందలింపు లేఖ పంపి ఊరుకుంది. బాంబు పనికి ఆయన కావాలి మరి. ఇంతకీ ఆ పత్రం తయారైంది కమిషన్‌లో కాదు. కమిషన్‌పై నిఘా ఉంచవలసిన కాంగ్రెస్ సంయుక్త సంఘం కార్యాలయంలో తయారైంది. కావలివాడి ఇంట్లోనే తాళంచెవి పోయిందన్నమాట. ఆ కార్యాలయాన్ని నడిపించిన విలియం బోర్డెన్ కొన్ని నెలలకే ఉద్యోగం వదలవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఆయన ఎఫ్‌బీఐ అధిపతి హూవర్‌కు ఒక లేఖ రాశారు. తొలి అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త రాబర్ట్ ఓపెన్‌హైమర్ సోవియట్ గూఢచారి అయి ఉండే అవకాశమే ఎక్కువ అన్నది దాని సారాంశం. ఆ లేఖతో మొదలైన విచారణ 1954 జూన్‌లో ఓపెన్‌హైమర్‌కు రహస్య పత్రాలు చూసే అనుమతి రద్దు కావడంతో ముగిసింది. రహస్యం పోగొట్టిన వ్యవస్థ చేతులు దులుపుకుంది. ఏ రహస్యమూ బయటపెట్టినట్టు రుజువు కాని మనిషి మాత్రం బోనెక్కారు. ఆ నిర్ణయాన్ని, కమిషన్ బాధ్యతలు తర్వాత అందుకున్న ఇంధన శాఖ 2022 డిసెంబరులో కొట్టేసింది. అప్పటికి ఓపెన్‌హైమర్ చనిపోయి 55 ఏళ్లు.

ఈ తీరుకు మూలం 1946 నాటి అణుశక్తి చట్టంలో ఉంది. మిగతా ప్రభుత్వ రహస్యాలు అధికారి ముద్ర వేస్తేనే రహస్యాలవుతాయి. అణ్వాయుధ సమాచారం అలా కాదు. ఎవరి బుర్రలో పుట్టినా అది పుట్టుకతోనే రహస్యం. దానికి చట్టం పెట్టిన పేరు రెస్ట్రిక్టెడ్ డేటా. దేశానికి హాని తలపెట్టి దాన్ని బయటపెట్టిన వ్యక్తికి మరణశిక్ష వరకు వేయవచ్చని కూడా రాశారు. కానీ రహస్యాన్ని కాపాడవలసిన సంస్థే నిర్లక్ష్యం చేస్తే సంస్థగా అది ఏం చెల్లించుకోవాలో రాయలేదు. ఆ ఖాళీ పూడడానికి 53 ఏళ్లు పట్టింది.

నిజమైన గూఢచారి లేకపోలేదు. బ్రిటన్ పంపిన భౌతిక శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్, అమెరికా అణ్వాయుధ ప్రయోగశాల లాస్ అలమోస్‌లో కూర్చుని సోవియట్ యూనియన్‌కు బాంబు వివరాలు చేరవేశాడు. 1950 మార్చిలో బ్రిటన్‌లో అతనికి 14 ఏళ్ల శిక్ష పడింది. బ్రిటిష్ వాళ్లు నమ్మకస్థుడన్నారు కాబట్టి మేమూ నమ్మాం అన్నది అమెరికా సమాధానం.

1979లో కథ కోర్టుకెక్కింది. హైడ్రోజన్ బాంబు గురించి ద ప్రోగ్రెసివ్ అనే పత్రిక వేయబోతున్న వ్యాసాన్ని ఆపాలని ప్రభుత్వం దావా వేసింది. మార్చిలో విస్కాన్సిన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి నిషేధం విధించారు. వ్యాస రచయిత బహిరంగ సమాచారాన్నే పోగుచేసుకున్నానన్నాడు. కేసు నడుస్తుండగానే మరో సంగతి బయటపడింది. బాంబు రూపకల్పనకు సంబంధించిన పాత నివేదికలు లాస్ అలమోస్ గ్రంథాలయంలో ఎవరైనా వచ్చి చదువుకోగల అరల్లోనే ఉన్నాయి. ఎవరో పొరపాటున వాటి మీది రహస్య ముద్ర ఎత్తేశారు. సెప్టెంబరులో ప్రభుత్వం కేసు ఉపసంహరించుకుంది. అచ్చు వేయబోయిన పత్రికేమో ఆరు నెలలు కోర్టు చుట్టూ తిరిగింది.

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక తలుపులు కాస్త తెరుచుకున్నాయి. ఇంధన మంత్రి హేజెల్ ఓలియరీ 1993 డిసెంబరులో పాత అణు రికార్డులను బయటపెట్టడం మొదలుపెట్టారు. 25 ఏళ్లు దాటిన రహస్య పత్రాలకు ముద్ర తనంతట తానే తొలగిపోవాలని క్లింటన్ 1995లో ఉత్తర్వు ఇచ్చారు. ఆ తొందరలో ఇతర శాఖల పెట్టెల్లో కలిసిపోయిన అణ్వాయుధ పుటలు కొన్ని జాతీయ అభిలేఖాగారం చేరిపోయాయి. దాంతో కాంగ్రెస్ 1998లో ఒక సవరణ తెచ్చింది. అణు సమాచారం ఉండే అవకాశం బొత్తిగా లేదని తేలితే తప్ప, ప్రతి పెట్టెనూ పుట పుటా చదివాకే బయటికి వదలాలి. ఆ జాగ్రత్త కూడా ఒక్కోసారి నవ్వులపాలైంది. 1970ల మొదట్లో రక్షణ మంత్రే కాంగ్రెస్ ముందు బాహాటంగా చెప్పిన క్షిపణుల సంఖ్యలకు ఆ తర్వాతి ప్రతుల్లో నల్ల సిరా పూసిన సంగతి 2006లో పరిశోధకులు బయటపెట్టారు.

1999లో గాలి మళ్లింది. చైనా అణ్వాయుధ రహస్యాలు కాజేసిందన్న కాంగ్రెస్ సంఘం నివేదిక (కాక్స్ నివేదిక) వెలువడింది. లాస్ అలమోస్ శాస్త్రవేత్త వెన్ హో లీపై 59 అభియోగాలు మోపి 278 రోజులు ఏకాంత నిర్బంధంలో ఉంచారు. చివరికి ఆయన ఒకే ఒక్క నేరం ఒప్పుకున్నారు. ప్రభుత్వం తనను తప్పుదోవ పట్టించిందంటూ న్యాయమూర్తి జేమ్స్ పార్కర్ నిండు కోర్టులో ఆయనకు క్షమాపణ చెప్పారు. ఆ 1999లోనే అణ్వాయుధ కేంద్రాల కోసం ఎన్‌ఎన్‌ఎస్‌ఏ అనే ప్రత్యేక సంస్థను చట్టం సృష్టించింది. కేంద్రాలను నడిపే కాంట్రాక్టు సంస్థలకు ఒక్కో ఉల్లంఘనకు లక్ష డాలర్ల వరకు జరిమానా వేసే అధికారం ఇంధన శాఖకు ఇచ్చింది.

చట్టం వచ్చినంత మాత్రాన అలవాట్లు మారవు కదా. 2000లో లాస్ అలమోస్‌లో అణ్వాయుధ సమాచారమున్న రెండు హార్డ్ డ్రైవ్‌లు మాయమయ్యాయి. జూన్‌లో ఒక జిరాక్సు యంత్రం వెనక దొరికాయి. ఆ గదిని అంతకుముందే వెతికారు. అక్కడ పెట్టిందెవరో తేలలేదు.

2004 వేసవి నాటి వ్యవహారం ఇంకా విచిత్రం. రహస్య డిస్కులు రెండు కనబడడం లేదని లాస్ అలమోస్ పనులన్నీ నిలిపేశారు. పూర్తిగా గాడిన పడడానికి నెలలు పట్టింది. చివరికి తేలిందేమిటంటే ఆ డిస్కులు అసలు లేనే లేవు. బార్‌కోడ్ చీటీలు ముద్రించి, జాబితాలో ఎక్కించి, వాటిని అంటించడానికి డిస్కులు తయారుచేయడం మరిచారు. అంటే లెక్క చూడవలసిన పుస్తకమే తప్పు. ఆ కేంద్రాన్ని 1943 నుంచి నడుపుతున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి నిర్వహణ రుసుములో కోత పడింది. కాంట్రాక్టుకు పోటీ పెట్టారు. గెలిచిన కొత్త కూటమిలోనూ అదే విశ్వవిద్యాలయం ఉంది.

కూటమి పగ్గాలు చేపట్టిన నాలుగు నెలలకే, 2006 అక్టోబరులో, మాదకద్రవ్యాల కోసం ఒక ట్రెయిలర్ ఇంటిని సోదా చేస్తున్న పోలీసులకు లాస్ అలమోస్ రహస్య పత్రాలు, వాటి ప్రతులున్న యూఎస్‌బీ డ్రైవ్ దొరికాయి. ఖజానా లాంటి గదిలో పాత పత్రాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఉద్యోగి వాటిని ఇంటికి తెచ్చుకుంది. యూఎస్‌బీ రంధ్రాలు మూయాలన్న జాగ్రత్త అక్కడ సరిగా పాటించలేదని తనిఖీలో తేలింది. 2007 జనవరిలో ఎన్‌ఎన్‌ఎస్‌ఏ అధిపతి లింటన్ బ్రూక్స్‌ను రాజీనామా చేయమన్నారు. ఆ ఏడాదే విశ్వవిద్యాలయానికి 30 లక్షల డాలర్ల జరిమానా ప్రకటించారు. నాకు తెలిసినంతలో పైస్థాయి మనిషికీ, సంస్థకూ కలిపి వేడి తగిలిన సందర్భం ఇదొక్కటే.

ప్రభుత్వం తన చేత్తో తానే బయటపెట్టిన సందర్భాల్లో అంత వేడి కనబడదు. ఇరాక్‌లో చేజిక్కిన పత్రాలను 2006లో జనం చదవడానికి ఇంటర్నెట్‌లో పెట్టారు. 1991కి ముందు ఇరాక్ చేసిన అణుబాంబు పరిశోధన కూడా వాటిలో ఉందని గోల మొదలయ్యాక నవంబరులో మూసేశారు. 2009లో ప్రభుత్వ ముద్రణాలయం అమెరికా పౌర అణు కేంద్రాల వివరాలున్న 266 పుటల పత్రాన్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించింది. ఆ పత్రం మీద గోప్యం అన్న ముద్ర ఉంది. కానీ అది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాడే ముద్ర. అమెరికా చట్టంలో దానికి విలువ లేదు, ముద్రణాలయంలో వాళ్లకు దాని అర్థం తెలియదు. పత్రం ఎన్నో కార్యాలయాల మీదుగా వెళ్లినా, దాని సున్నితత్వాన్ని అందరికీ స్పష్టంగా చెప్పే పూర్తి బాధ్యత ఏ ఒక్కరూ తీసుకోలేదని కాంగ్రెస్ ఆడిట్ సంస్థ తేల్చింది.

రహస్య పత్రాలు ఇంట్లో ఉంచుకున్నారంటూ 2023 జూన్‌లో, అప్పటికి మాజీ అధ్యక్షుడైన ట్రంప్‌పై ఫ్లోరిడాలో దాఖలైన కేసు పత్రాల్లో ఒకటి అమెరికా అణ్వాయుధాలకు సంబంధించినది. దాని మీద ఫార్మర్లీ రెస్ట్రిక్టెడ్ డేటా అని ఉంది. ఒకప్పటి రహస్యం అని పొరబడేరు, అది ఇప్పటికీ రహస్యమే. అలాంటి పత్రాల ముద్ర ఎత్తేయడానికి అణుశక్తి చట్టం వేరే పద్ధతి పెట్టింది. అధ్యక్షుడు ఒక్కడే ఆ పని చేయగలడా లేదా అన్న ప్రశ్న ఆ కేసులో తేలుతుందనుకున్నారు. కేసు వేసిన ప్రత్యేక న్యాయవాది నియామకమే చెల్లదంటూ 2024 జూలై 15న న్యాయమూర్తి ఐలీన్ క్యానన్ కేసు కొట్టేశారు. నవంబరు ఎన్నికల తర్వాత ఆ తీర్పు మీద ట్రంప్‌పై వేసిన అప్పీలును కూడా ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.