తొలి కాన్పు ఎన్ని గంటలు? అపోహలు - వాస్తవాలు

కాన్పు గది తలుపు తెరిచిన ప్రతిసారీ బయట కూర్చున్నవారు కాన్పులు చేసే మమ్మల్ని అడిగేది “ఇంకా ఎంతసేపు?” అనే. దానికి జవాబు చెప్పాలంటే గంటలను ఎక్కడి నుంచి లెక్కపెడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

అపోహ: మొదటి నొప్పితోనే లెక్క మొదలవుతుంది. ఒక రాత్రి గడిచినా బిడ్డ పుట్టలేదంటే ఏదో తేడా వచ్చినట్లే.

వాస్తవం: గర్భాశయ ముఖద్వారం మెత్తబడి, పలచబడి, సుమారు 5 సెంటీమీటర్ల వరకు తెరుచుకునే కాలాన్ని గుప్త దశ అంటారు. నొప్పులు కాసేపు దగ్గరపడి మళ్లీ దూరమయ్యే ఈ దశ ఇంతసేపే ఉండాలన్న ప్రామాణిక పరిమితి ఏదీ లేదు. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నంతవరకు ఈ సమయంలో తినడం, నడవడం, కునుకు పడితే నిద్రపోవడం మేలు. ఆ తరువాతిది చురుకు దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం తొలి కాన్పులో ఇది సాధారణంగా 12 గంటలు మించదు. ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు, తెరుచుకున్నాక సాధారణంగా 3 గంటలలోపు బిడ్డ పుడుతుంది. కాబట్టి “నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది” అన్న తల్లి మాటా నిజమే, “చురుకు దశ మొదలై నాలుగు గంటలైంది” అని మేము రాసుకున్నదీ నిజమే.

అపోహ: గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: ఈ లెక్క పార్టోగ్రాఫ్ నుంచి, అంటే కాన్పు ఎలా సాగుతోందో గంటల వారీగా గుర్తించే పటం నుంచి వచ్చింది. 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే వైద్యులు అప్పటి రొడీషియాలో (నేటి జింబాబ్వే) ఆ పటం మీద హెచ్చరిక గీత గీసింది, కాన్పు నెమ్మదించిన తల్లిని చిన్న కేంద్రం నుంచి పెద్ద ఆసుపత్రికి వేళకు పంపడానికే తప్ప, గీత దాటిన వెంటనే కోత పెట్టడానికి కాదు. శరీరం సరళరేఖలో నడవదు. మొదట నిదానించి, చివర్లో వేగం అందుకుంటుంది. అందుకే 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన కొత్త పటం ‘లేబర్ కేర్ గైడ్’, 5 సెంటీమీటర్ల దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5 గంటలు, 7 దగ్గర 3, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర 2 గంటలు మార్పు లేకుండా గడిస్తే అప్రమత్తం కావాలంటుంది. అప్రమత్తం కావడమంటే నొప్పుల బలాన్ని, బిడ్డ తల తిరిగి ఉన్న తీరును మళ్లీ పరిశీలించడం. ఆపరేషన్ మాట ఆ తరువాతిది.

అపోహ: పొట్టకు బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడు నమోదు చేసే మెషిన్ నిరంతరం నడిపితేనే బిడ్డ క్షేమం.

వాస్తవం: ఆరోగ్యవంతురాలైన తల్లికి చెవి, చెయ్యి, గడియారం చాలావరకు సరిపోతాయి. అరచేతిని పొట్ట పైభాగాన ఆనించి పది నిమిషాలు కూర్చుంటే, గర్భాశయం నుదురంత గట్టిపడి మళ్లీ సడలడం చేతికే తెలుస్తుంది. పది నిమిషాల్లో రెండు లేదా అంతకన్నా తక్కువ నొప్పులు వచ్చినా, అయిదుకు మించినా గమనించాల్సిందే. చురుకు దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, తల్లి ముక్కే దశలో 5 నిమిషాలకోసారి, డాప్లర్ అనే చిన్న చేతి పరికరంతో కనీసం ఒక నిమిషం బిడ్డ గుండె చప్పుడు వింటాము. నొప్పి ఉండగా వినడం మొదలుపెట్టి, అది తగ్గాక కూడా కనీసం అర నిమిషం వినాలి. నొప్పి పోయినా నెమ్మదిగానే ఉండిపోయే గుండె వేగం మాకు అసలైన హెచ్చరిక. మామూలుగా అది నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉంటుంది. నిరంతర మెషిన్ నవజాత శిశువుల్లో అరుదుగా వచ్చే మూర్ఛలను తగ్గిస్తుంది గానీ, మరణాలను తగ్గించినట్లు తేలలేదు, సిజేరియన్లు మాత్రం పెరుగుతాయి. ఉమ్మనీరు చిక్కగా పచ్చబడినా, రక్తస్రావం కనిపించినా, నొప్పులు పెరగడానికి ఆక్సిటోసిన్ మందు ఎక్కిస్తున్నా సంగతి వేరు. అప్పుడు బెల్టు కట్టమని నేనే చెబుతాను.

అపోహ: డాక్టరు లోపలి పరీక్ష గంటగంటకూ చేస్తేనే శ్రద్ధగా చూస్తున్నట్లు.

వాస్తవం: అంతా సవ్యంగా ఉంటే చురుకు దశలో నాలుగు గంటలకోసారి చాలు. ఉమ్మనీరు పోయాక ఎన్నిసార్లు పరీక్షిస్తే ఇన్ఫెక్షన్ ముప్పు అంత పెరుగుతుంది. మధ్యలో తల్లి నాడి, రక్తపోటు, జ్వరం, మూత్రం చూసి పటంలో నమోదు చేస్తూనే ఉంటాము.