ఏవ్‌బరీ రాళ్ల వలయం: అపోహలు - వాస్తవాలు

"ఐదు వేల ఏళ్లుగా ఒక్క రాయి కూడా కదల్లేదట కదండీ!" ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఏవ్‌బరీ అనే చిన్న పల్లెకు వచ్చే మనవాళ్ల నోట పదేపదే వినిపించే మాట ఇది. చెప్పేవారు చెయ్యి ఆనించి నిలబడే రాయి తరచుగా 1930ల్లో పోసిన కాంక్రీటు పునాది మీద నిలబెట్టినదే అయి ఉంటుంది. ఈ ఒక్క పొరపాటు నుంచే మిగతా పుకార్లలో చాలా పుట్టుకొస్తాయి. అందుకే ముందు దీని సంగతే తేల్చాలి. ముందుగా రెండు మూడు మాటలు: హెంజ్ అంటే కందకం, మట్టికట్ట చుట్టిన గుండ్రటి ప్రాచీన స్థలం, సార్సెన్ అంటే ఇక్కడి గట్టి రాయి, ఎవెన్యూ అంటే రెండు వరుసల నిలువురాళ్ల మధ్య దారి.

అపోహ: రాళ్లన్నీ మొదటి నుంచీ ఇలాగే నిలబడి ఉన్నాయి.

వాస్తవం: ఈ వలయాన్ని క్రీ.పూ. 2850 - 2200 మధ్య అంచెలంచెలుగా కట్టారు. బయటి వలయంలోనే సుమారు 100 రాళ్లు ఉండేవి. ఇప్పుడు నిలబడి ఉన్నవి అందులో మూడో వంతుకు అటూ ఇటూ. మిగతావాటికి పట్టిన గతి రెండు రకాలు, ఆ రెండూ తెలియకపోతే అక్కడ చూసేది ఏదీ సరిగా అర్థం కాదు.

మొదటిది పూడ్చిపెట్టడం. 14వ శతాబ్దం ప్రాంతంలో ఊరివాళ్లు రాయి పక్కనే గొయ్యి తవ్వి, రాయి అడుగున బిగించి ఉన్న సుద్దను తొలగించి, రాయిని గోతిలోకి వాల్చి మట్టి కప్పేశారు. ఎందుకు చేశారన్నదానికి "చర్చి ఆజ్ఞాపించింది" అని ఠకీమని జవాబు చెప్పేస్తుంటారు. అలాంటి ఆజ్ఞ ఏదీ రాతపూర్వకంగా బయటపడలేదు. దున్నుకోవడానికి నేల కావాలన్నదీ బలమైన కారణమే. ఏమైనా, పూడ్చిన రాయి పగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ లేపగలిగారంటే అందుకే.

రెండోది కాల్చి పగలగొట్టడం. ఇది 17వ శతాబ్దం చివర్లో, 18వ శతాబ్దం మొదట్లో జోరుగా సాగింది. 1719 నుంచి 1724 వరకు ఏటా వచ్చి వెళ్లిన పురావస్తు పరిశీలకుడు విలియం స్టూక్లీ దీన్ని నమోదు చేశాడు. ముందు రాయి చుట్టూ గొయ్యి తవ్వి, రాయిని అందులోకి పడదోస్తారు. కిందికి గాలి ఆడేలా చిన్న రాళ్ల మీద ఎత్తిపెట్టి, ఆ సందులో గడ్డి కూరి నిప్పు పెడతారు. రాయి బాగా కాగాక, పగలాల్సిన చోట గీత గీసినట్టు చన్నీళ్లు పోస్తారు. ఆ గీత మీద సమ్మెటలతో మోదుతారు. సార్సెన్ అంటే సిలికాతో గట్టిపడిన ఇసుకరాయి. ఉలికి సులువుగా లొంగదు గానీ, వేడికి వ్యాకోచించి ఉన్నట్టుండి చల్లబడితే నిలువునా చీలుతుంది. మంట పెట్టి గ్రానైటు పొర లేపే మన వడ్డెర పనివారికి ఈ కిటుకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంత కష్టపడ్డా వాళ్లకు పెద్దగా మిగిలిందేమీ లేదు. గడ్డి ఖర్చు, కూలీల ఖర్చు తడిసి మోపెడయ్యేవి. పైగా సార్సెన్ గోడకు చలికాలంలో చెమ్మ పడుతుంది, ఇంట్లో సామాను కుళ్లిపోతుంది. ఈ మాట స్టూక్లీయే రాసిపెట్టాడు. అయినా ఊళ్లో ఇళ్లు, కొట్టాలు, ప్రహరీలు, వలయం లోపలే ఉన్న డిసెంటర్ల (ఇంగ్లండ్ అధికారిక చర్చి నుంచి విడిపోయిన క్రైస్తవుల) ప్రార్థనామందిరం, అన్నిటి గోడల్లోనూ ఆ ముక్కలే. ఏవ్‌బరీలో ఎక్కువ రాయి చూడాలనుకుంటే వలయం వైపు కాదు, గోడల వైపు చూడాలి.

ఇక అలెగ్జాండర్ కీలర్. స్కాట్లండ్‌లోని డండీలో మార్మలేడ్ వ్యాపారం చేసిన కుటుంబానికి వారసుడు. ఇక్కడి భూములు చేజిక్కించుకుని 1934లో, వలయం నుంచి బయలుదేరే వెస్ట్ కెన్నెట్ ఎవెన్యూలో పని మొదలుపెట్టాడు. 1937లో వలయం వాయవ్య భాగం, 1938లో నైరుతి, 1939లో ఆగ్నేయంలో కొంత తవ్వించాడు. పూడ్చిన రాళ్లను వెలికితీసి, వాటి పాత గుంటలు వెతికి, కాంక్రీటు పోసి నిలబెట్టించాడు. పగిలినవాటిలో కొన్నిటిని ముక్కలు కలిపి సిమెంటుతో అతికించారు. గుంట దొరికి రాయి దొరకని చోట పొట్టి కాంక్రీటు దిమ్మ పాతారు. అంతలో యుద్ధం రావడంతో పని ఆగిపోయింది. 1943లో స్థలాన్ని వారసత్వ స్థలాలు కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అమ్మేశాడు.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది, దాన్ని బ్రోచర్లలో మెల్లగా దాటేస్తారు. వలయం బాగుపడింది గానీ, వలయం లోపల ఉన్న ఊళ్లో కొంత పోయింది. ఇళ్లు, కొట్టాలు ఒక్కొక్కటిగా కూల్చేశారు, ట్రస్టు చేతికి వచ్చాక కూడా అది కొనసాగింది. చాలా కుటుంబాలు పక్కనున్న ఏవ్‌బరీ ట్రస్లోకు మారాయి. "ప్రాచీన పల్లె, ప్రాచీన రాళ్లు చెక్కుచెదరకుండా కలిసి బతుకుతున్నాయి" అని రాసేవాళ్లు ఈ ముక్క ముందు తెలుసుకోవాలి.

మరి ఏ రాయి పాతది, ఏది లేపినది అని ఎలా పోల్చుకోవాలి? పశ్చిమార్ధంలో వరుసగా, ముచ్చటగా నిలబడి ఉన్నవాటిలో ఎక్కువ కీలర్ లేపినవి. ఎవెన్యూలో పల్లెకు దగ్గరగా ఉన్న ఉత్తరపు మూడో వంతు కూడా అంతే. ఈశాన్య భాగాన్ని ఆయన ముట్టుకోలేదు. అక్కడ వెలితిగా కనిపిస్తుందని జనం తొందరగా దాటిపోతారు గానీ, కీలర్ రాకముందు ఏవ్‌బరీ ఎలా ఉండేదో తెలిసేది ఆ వెలితిలోనే. 2003లో భూభౌతిక సర్వే (తవ్వకుండానే నేల లోపల ఏముందో పరికరాలతో చూడడం) చేస్తే తూర్పు వైపు కనీసం 15 రాళ్లు ఇంకా నేల కింద పడుకునే ఉన్నాయని తేలింది. ఎన్నడూ పడనివి కావాలంటే ఉత్తర ద్వారం దగ్గర రోడ్డు పక్కనున్న వజ్రాకారపు స్విండన్ స్టోన్ చూడండి. ఉత్తర లోపలి వలయంలో కోవ్ అనే చోట మిగిలిన రెండు రాళ్లు చూడండి. వాటిలో ఒకటి నేలలోకి చాలా లోతుగా దిగి ఉంది, బరువు 100 టన్నులకు తక్కువ ఉండదని అంచనా.

ఎర్రబారి, సన్నగా నెర్రెలిచ్చిన చదరపు పగులు కనిపిస్తే అది మంట పని. వరుసగా చిన్న గాట్లు కనిపిస్తే అది ఇనుప చీలల పని. అది 19వ శతాబ్దం మధ్యలో చుట్టుపక్కల కొండల్లోకి వచ్చిన రాతికోత కూలీలది. ఎవెన్యూలో ఒక రాయి మీద మాత్రం నున్నటి గాళ్లు, గుంటలు ఉంటాయి. అవి రాతిగొడ్డళ్లు నూరిన గుర్తులు, నిజంగా ప్రాచీనమైనవి.

ఇదంతా ఎందుకింత నొక్కి చెప్పాలంటే, ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని, ఫలానా రాయి నుంచి ఫలానా రాయి మీదుగా సూర్యోదయం డిగ్రీలతో సహా లెక్క కట్టేవాళ్లు రోజూ తగులుతారు. రాయి ఏ గుంటలో ఉండేదో తవ్వకం చెబుతుంది, అది నమ్మదగినదే. కానీ రాయి ఏ ముఖం ఎటు తిరిగి ఉండేది, ఎంత వాలుగా ఉండేది అన్నది చాలాచోట్ల 1937లో తాళ్లు, దుంగలతో రాయిని లేపినవాళ్ల నిర్ణయం. దాని మీద అర డిగ్రీ తేడాతో ఖగోళశాస్త్రం కట్టడం కుదరదు. "మగరాళ్లు, ఆడరాళ్లు" అన్నదీ ఇలాంటిదే. నిలువు స్తంభం ఆకారం, వజ్రాకారం అని రెండు రకాలున్నది కీలర్ గమనించినది. స్త్రీపురుషులన్నది అన్వయం. ఆలోచించదగ్గదే, కానీ రుజువైనది కాదు.

అపోహ: రాయి కూల్చబోయిన క్షురకుణ్ణి అదే రాయి నలిపి చంపింది.

వాస్తవం: 1938లో నైరుతి భాగంలో ఒక పూడ్చిన రాయి కింద అస్థిపంజరం దొరికింది. దగ్గర కత్తెర, సన్నటి ఇనుప పరికరం, 14వ శతాబ్దపు మొదటి పాతికేళ్ల నాటి వెండి నాణేలు ఉన్నాయి. క్షురకుడూ శస్త్రవైద్యుడూ ఒకడే అయిన రోజులవి. అలాగే అతనికి "క్షురక వైద్యుడు" అనే పేరు స్థిరపడింది, "రాళ్ల శాపం" కథ కూడా స్థిరపడింది. ఎముకలు లండన్ బాంబు దాడుల్లో పోయాయనుకున్నారు. 1990ల చివర్లో మ్యూజియం నిల్వల్లో మళ్లీ దొరికితే పరీక్షించారు. నలిగి చచ్చినట్టు చూపే దెబ్బలేవీ కనబడలేదు. రాయి పూడ్చే సమయానికి అతను అప్పటికే చనిపోయి ఉండవచ్చు. పిల్లలతో వచ్చి, రాయి పక్కన నిలబడడానికి భయపడే తల్లిదండ్రులు ఊరట చెందవచ్చు. శాపం లేదు, ఉన్నది కాంక్రీటు. రాళ్ల మీదికి ఎక్కనివ్వకుండా చూసుకుంటే చాలు.

అపోహ: డ్రూయిడ్లు (ప్రాచీన కెల్టిక్ పూజారులు) కట్టారు. ఆకాశం నుంచి చూస్తే పాము.

వాస్తవం: డ్రూయిడ్ల ప్రస్తావన రాతల్లోకి వచ్చేసరికి ఈ వలయానికి రెండు వేల ఏళ్లు పైబడ్డాయి. 1649లో ఈ చోటును చూసి, తర్వాత లోకానికి చెప్పిన పురావస్తు పరిశీలకుడు జాన్ ఆబ్రీ డ్రూయిడ్ల ఊహ వేశాడు, స్టూక్లీ దాన్ని దేశమంతా పాకించాడు. స్టూక్లీతో ఇబ్బంది ఏమిటంటే, ఆయన లేకపోతే సగం ఏవ్‌బరీ మనకు తెలిసేదే కాదు. కానీ 1743లో పుస్తకం అచ్చు వేసేసరికి వలయం పొట్ట, రెండు ఎవెన్యూలు తల, తోక అనే సర్పసిద్ధాంతంలో పడ్డాడు. దానికి అతికేలా వెస్ట్ కెన్నెట్ ఎవెన్యూ చివర ఓవర్టన్ కొండ మీద ఉన్న, శాంక్చువరీ అనే చోటి వలయాల్ని, తన పాత కొలతల్లో గుండ్రంగా ఉన్నవాటిని, కోలగా గీశాడు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. ఆయన చెప్పిన రెండో ఎవెన్యూ, బెక్‌హాంప్టన్ వైపుది, కల్పితమని చాలాకాలం అన్నారు. 1999లో తవ్వితే దాని గుంటలు, పూడ్చిన రాళ్లు బయటపడ్డాయి. కొలత నమ్మండి, కథ వదిలేయండి.

అపోహ: కందకం ఉంది కాబట్టి ఇది కోట.

వాస్తవం: కందకం కట్టకు లోపలి వైపు ఉంది. కోట కట్టేవాడు అలా తవ్వడు. దుప్పి కొమ్ములతో సుద్దలోకి 9 మీటర్లు, కొన్నిచోట్ల అంతకంటే లోతుగా తవ్వారు. ఇప్పుడు మనం చూసే లోతు అందులో సగం కూడా ఉండదు, మిగతాది జారిన మన్ను.

అపోహ: స్టోన్‌హెంజ్‌కి ఇది చిన్న తమ్ముడు.

వాస్తవం: వైశాల్యంలో లెక్కే వేరు. స్టోన్‌హెంజ్ సార్సెన్ వలయం వ్యాసం సుమారు 30 మీటర్లు. ఏవ్‌బరీ బయటి వలయం 330 మీటర్ల పైన, లోపలి వలయాలు ఒక్కొక్కటీ దాదాపు 100. స్టోన్‌హెంజ్‌లో రాళ్లను చెక్కి, పైన అడ్డరాళ్లు పెట్టారు. ఇక్కడివి దొరికినవి దొరికినట్టు నిలబెట్టిన నిలువురాళ్లు, మన తెలంగాణలోని ముడుమాలలో లాగానే.

అపోహ: రాయిని తాకితే శక్తి ప్రవహిస్తుంది.

తాకొచ్చు, అడ్డుతాళ్లు లేవు. ఏమీ అనిపించలేదని దిగులు పడేవారు కొందరుంటారు, వాళ్లను చూస్తే జాలేస్తుంది. అనిపించకపోవడంలో లోపమేమీ లేదు. ప్రాచీన స్థలాలను కలిపే శక్తి రేఖలని చెప్పే "లే లైన్లు" అనే మాట 1920ల్లో ఆల్‌ఫ్రెడ్ వాట్కిన్స్ పాత కాలిదారుల గురించి అన్నది, శక్తి గురించి కాదు.

అపోహ: ఏవ్‌బరీ దగ్గర మనుషులు పోసిన సిల్‌బరీ గుట్ట కింద బంగారు గుర్రం మీద రాజు ఉన్నాడు.

వాస్తవం: 1776లో పైనుంచి నిలువు బావి, 1849లో పక్క నుంచి సొరంగం, 1968 - 70లో మరో సొరంగం తవ్వారు. సమాధి లేదు, బంగారమూ లేదు. దొరికినవి మట్టి పొరలు, పచ్చిక, సుద్ద. నష్టం మాత్రం మిగిలింది. 1776 నాటి బావిని సరిగా పూడ్చకపోవడంతో 2000 సంవత్సరంలో గుట్ట శిఖరం మీద గొయ్యి పడింది. 2007 - 08లో సొరంగాల్ని తెరిచి, మళ్లీ సుద్దతో బిగించి నింపాల్సి వచ్చింది. దాదాపు 40 మీటర్ల గుట్ట, ఎక్కడం నిషిద్ధం. ఫొటో కోసం కంచె దాటేవాళ్లకు ఏ పుకారు అడ్డుగా చెప్పినా మాకు అభ్యంతరం లేదు.

చివరగా ప్రయాణం గురించి. "స్టోన్‌హెంజ్ పక్కనేగా, ఓ గంట చాలు" అనుకుని వస్తారు. రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు. రాళ్లు చూడ్డానికి టికెట్ లేదు. పార్కింగ్‌కు, మేనర్ అనే పాత దొరల భవనానికి, మ్యూజియానికి ఉంటుంది. కారు ఊరి దక్షిణాన పెద్ద పార్కింగ్‌లో పెట్టి నడవాలి, ఇళ్ల ముందు కాదు. అక్కడ జనం కాపురం ఉంటున్నారు. కారు లేనివారు లండన్ పాడింగ్టన్ నుంచి స్విండన్‌కు రైలెక్కి, అక్కణ్ణుంచి డివైజెస్ వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి. ఆదివారం బస్సులు తక్కువ, వేళలు ముందే చూసుకోండి. వలయానికి రెండు గంటలు, ఎవెన్యూ వెంట శాంక్చువరీ దాకా 2.4 కిలోమీటర్ల నడకకు ఇంకో గంట. వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారోకు ఏ4 రోడ్డు పక్క నుంచి పొలం గట్టున ఎక్కాలి. వలయం కంటే దాదాపు వెయ్యేళ్లు పాతదైన ఆ సమాధిలోకి లోపలికంటా వెళ్లవచ్చు, టార్చి తెచ్చుకోండి. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది కాబట్టి చెప్పులతో కట్ట ఎక్కొద్దు. గడ్డి మళ్లీ మొలవడానికి కట్టలో కొంత భాగానికి కంచె వేసి ఉంటే చుట్టూ తిరిగి వెళ్లండి. గొర్రెలు మేస్తుంటాయి, గేట్లు మూసి రండి.