పాదరసం చుక్క, బంగారం నలుసు

బెంగళూరు నగర్తపేటలో ఓ ఇరుకు సందు, మెట్లెక్కితే నగలు చేసే గది. అమ్మ గొలుసు కొక్కెం ఊడినప్పుడల్లా అక్కడికే వెళ్తాను. చేసేది ప్రొద్దుటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆచారి గారు. మొన్న వెళ్ళేసరికి కుర్రాడు గది ఊడ్చి, ఆ చెత్తను జాగ్రత్తగా డబ్బాలో పోస్తున్నాడు.

"పారేయొద్దు సార్, అదీ బంగారమే" అన్నారాయన. ఆకురాయితో రాస్తే రాలిన పొడి, చేతులు కడుక్కున్న బకెట్ అడుగున పేరిన మడ్డి, అన్నీ దాస్తారు. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే గోనెపట్టాను కూడా ఏడాదికోసారి కాల్చి బూడిద కడుగుతారట.

దుమ్ము కొనుక్కెళ్ళేవాళ్ళు దాన్ని కడిగి, మిగిలిన బురదలో పాదరసం వేసి పిసుకుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది, ఇసుకను వదిలేస్తుంది. ఆ ముద్దను గుడ్డలో వేసి పిండి, నిప్పు మీద పెడతారు. పాదరసం 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగి ఆవిరైపోతుంది. బంగారం కరగాలంటేనే 1,064 డిగ్రీలు కావాలి కాబట్టి అది అడుగున ఉండిపోతుంది.

ఇదే పని అడవిలో జరిగితే ఎలా ఉంటుందో పెరూలోని మాద్రె దె దియోస్‌లో చూడొచ్చు. ఆండీస్ కొండల నుంచి నదులు వేల ఏళ్ళుగా మోసుకొచ్చిన బంగారం అక్కడి అమెజాన్ మట్టిలో పిండిలా కలిసిపోయి ఉంది. మన కోలారు గనుల్లో అయితే రాతిలో బంగారు చార కనపడితే దాని వెంట తవ్వుకుంటూ పోవచ్చు. ఈ అమెజాన్ మట్టిలో చారే లేదు, కాబట్టి మట్టినంతా కడగాల్సిందే. చెట్లు నరికి, కాల్చి, పంపులతో నీళ్ళు కొట్టి నేలను బురద చేస్తారు. ఆ బురదను కార్పెట్ పరిచిన వాలు బల్ల మీదుగా పారిస్తే, బరువైన నలుసులు నూలుపోగుల్లో చిక్కుకుంటాయి. ఆచారి గారి గోనెపట్టా చేసే పనే. ఆ కార్పెట్ దులిపిన ఇసుకలో పాదరసం కలుపుతారు.

1984 నుంచి 2017 వరకు ఆ ఒక్క ప్రాంతంలోనే ఈ తవ్వకాలకు సుమారు 1,00,000 హెక్టార్ల అడవి పోయింది, అంటే దాదాపు 1,000 చదరపు కిలోమీటర్లు. అందులో సగానికి పైగా 2010 తర్వాత పోయిందే. తవ్వకాల్లో చాలావరకు అనుమతి లేనివే. 2019 ఫిబ్రవరిలో పెరూ ప్రభుత్వం 'ఆపరేషన్ మెర్క్యురీ' పేరుతో పోలీసులను, సైన్యాన్ని దించి లా పంపా అనే చోట వేలమందిని ఖాళీ చేయించింది. కొందరు పంపులు ఎత్తుకుని పక్క ప్రాంతాలకు పోయారు.

చెట్లు మళ్ళీ మొలుస్తాయిలే అనుకుంటాం. గయానాలో తవ్వి వదిలేసిన చోట్లను కొలిచి చూస్తే అడవి అతి నెమ్మదిగా తిరిగొస్తోందని తేలింది. దానికి ముఖ్య కారణం పాదరసం కాదట, పైమట్టితో పాటు నత్రజని కొట్టుకుపోవడమట. నేనైతే విషమే కారణం అనుకున్నాను.

పాదరసం చేసే చెడుపు వేరే చోట ఉంది. ఆవిరైంది గాల్లో తేలుతూ ఆకుల మీద చేరుతుంది, కొంత ఆకుల్లోకే పోతుంది, వానతోనూ రాలిన ఆకులతోనూ నేలకు దిగుతుంది. మాద్రె దె దియోస్‌లోనే లాస్ అమిగోస్ అనే రక్షిత అడవి ఉంది. అక్కడ ఎవరూ తవ్వలేదు, గొడ్డలి పడలేదు. 2022లో వచ్చిన పరిశోధన చూస్తే, దగ్గర్లో గొడ్డుగా మారిన నేల కంటే ఆ దట్టమైన అడవిలోనే ఎక్కువ పాదరసం పడుతోంది. ఆకు ఎంత ఎక్కువుంటే అంత పడుతుంది మరి. అక్కడి పిట్టల ఒంట్లోనూ అది చేరింది.

తవ్వి వదిలేసిన మడుగుల్లో ఇంకో తంతు నడుస్తుంది. గాలి అందని బురదలో బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారుస్తుంది. అది నాచు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోతూ మెట్టుమెట్టుకూ చిక్కబడుతుంది. నది ఒడ్డున ఉండేవాళ్ళకు చేపే కూర. గర్భిణి తింటే బిడ్డ మెదడు దాకా వెళ్తుంది. 1956లో జపాన్‌లోని మినమాటాలో బయటపడిన జబ్బుకు కారణం ఈ విషమే, అక్కడ అది ఫ్యాక్టరీ నీళ్ళ నుంచి వచ్చింది. 2015లో మనుషుల పనుల వల్ల గాల్లోకి పోయిన పాదరసంలో దాదాపు 38 శాతం, అంటే 800 టన్నులకు పైగా, చిన్న తరహా బంగారు తవ్వకాలదే. బొగ్గు కాల్చడం కూడా దీని తర్వాతే.

మనకు దగ్గర్లోని కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి, గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకి వస్తుందంటారు. కానీ ఆ దిబ్బ ఎక్కడుందో తెలుసు, ఎవరు పోశారో తెలుసు. అడవిలో ఆవిరైన దానికి దిబ్బా లేదు, యజమానీ లేడు.

ఆచారి గారు సన్నటి తీగ ముక్క కోసి, టంకం పెట్టి కొక్కెం అతికించారు. ఆ తీగ ఎక్కడిదని అడిగాను.

"బిస్కెట్ కరిగించి లాగింది సార్."

"ఆ బిస్కెట్ ఎక్కడిది?"

"షాపుది" అని గొలుసును కాటాలో పెట్టారు. తెచ్చినప్పటి కంటే 40 మిల్లీగ్రాములు ఎక్కువ తూగింది. కూలి కాక దానికి వేరేగా లెక్క కట్టి ఇచ్చి వచ్చాను.