పెద్దలకు ఎదురు చెప్పొద్దని కన్ఫ్యూషియస్ అన్నాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. తూర్పు ఆసియా పేపర్ నాదే. ఏటా ప్రాచీన చైనా పాఠం మొదలుపెట్టిన రోజే ఎవరో ఒకరు లేచి, "రాజుకీ తండ్రికీ నోరెత్తకుండా లోబడి ఉండమన్నాయనే కదా మేడమ్, కన్ఫ్యూషియస్?" అంటారు. పరీక్షలోనూ అదే రాస్తారు. మార్కులు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఈ మాటను పట్టుకుని ఇళ్లలో పిల్లల నోళ్లు మూయిస్తుంటే మాత్రం ఊరుకోలేకపోతున్నాను.

రెండేళ్ల కిందట ఫైనలియర్ అమ్మాయి ఒకామె స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. ఎంఏ చదువుతానంటే ఇంట్లో వద్దంటున్నారు. వాళ్ల నాన్న ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన మెసేజ్ చూపించారట: కన్ఫ్యూషియస్ బొమ్మ, కింద "తండ్రి మాట జవదాటని బిడ్డే ఇంటికి సంపద" అని. "అంత పెద్దాయనే అన్నాక నేనేం మాట్లాడను మేడమ్" అంటూ ఏడ్చేసింది.

కన్ఫ్యూషియస్ మాటలను శిష్యులు కూర్చిన గ్రంథం లున్‌యు. ఆ వాక్యం అందులో లేదు. ఏముందో చెబుతాను.

అపోహ: కన్ఫ్యూషియస్ బోధ అంటే విధేయత.

వాస్తవం: రాజును ఎలా సేవించాలని శిష్యుడు జిలు అడిగితే, "మోసం చెయ్యకు, కానీ మొహం మీదే ఎదిరించు" అన్నాడాయన. ఒక్క మాటతో రాజ్యం నాశనమవుతుందా అని ఆయన సొంత రాజ్యం లూను ఏలే రాజు అడిగాడు. "నా మాటకు ఎవరూ అడ్డు చెప్పకపోవడమే నాకు ఆనందం" అనే రాజు చెడ్డ మాట చెప్పినా ఎవరూ కాదనకపోతే, దాదాపు అదే ఆ మాట అని జవాబు. మనవాళ్లు తరచూ ఎత్తి చూపే వాక్యం ఇంకొకటుంది: "రాజు రాజులా, మంత్రి మంత్రిలా, తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా ఉండాలి." అందులో చివరి ముక్క ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. మొదటి షరతు రాజుకే పెట్టాడు, కొడుకు కంటే ముందు తండ్రికి పెట్టాడు.

మరి ఈ గుడ్డి విధేయత ఎక్కడిది? మంత్రి రాజుకు, కొడుకు తండ్రికి, భార్య భర్తకు లోబడితేనే లోకం చక్కగా ఉంటుందన్న మాట హాన్ ఫెయ్ పేరు మీదున్న గ్రంథంలో సూటిగా కనిపిస్తుంది. ఆయన లీగలిస్టు, అంటే కఠిన చట్టాలు, శిక్షలతోనే రాజ్యం నడపాలనే వర్గం వాడు. క్రీ.పూ. 233లో చిన్ రాజ్యపు జైల్లో చనిపోయాడు. క్రీ.పూ. 221లో చిన్ చైనా మొత్తాన్ని ఒక్కటి చేసింది, పదిహేనేళ్లకే కూలిపోయింది. తర్వాత వచ్చిన హాన్ వంశం చిన్ చట్టాలను, అధికార యంత్రాంగాన్ని చాలావరకు అలాగే ఉంచుకుని, పైన కన్ఫ్యూషియస్ బోధను కప్పింది. క్రీ.పూ. 124లో 50 మంది విద్యార్థులతో రాజ విద్యాలయం పెట్టింది. రాజు, తండ్రి, భర్త అనే మూడు పెత్తనాలు ఆ వంశం కాలంలోనే కన్ఫ్యూషియన్ సూత్రంగా చెలామణిలోకి వచ్చాయి. కన్ఫ్యూషియన్లనే నమ్ముకోమని కొడుకు సలహా ఇస్తే హాన్ వంశపు షువాన్ చక్రవర్తి మండిపడి, మా వంశం ధర్మ పాలన, కఠిన పాలన రెండు దారులూ కలిపే వాడుకుంటుందన్నాడు. ఇంతకంటే స్పష్టంగా ఏ రాజు ఒప్పుకుంటాడు?

నిజంగా ఈ బోధ విధేయతే అయితే రాజులు దానికి భయపడకూడదు. ప్రజలే ముఖ్యం, రాజు అందరికన్నా తేలిక అని కన్ఫ్యూషియస్ బోధను కొనసాగించిన మెన్షియస్ తన గ్రంథంలో అన్నాడు. మింగ్ వంశ స్థాపకుడు 1394లో ఆ గ్రంథంలోంచి 85 భాగాలు తీయించేశాడు. అదే వంశంలో 1566లో హై రుయి అనే అధికారి జియాజింగ్ చక్రవర్తి తప్పులన్నీ ఏకరువు పెడుతూ ఉత్తరం రాశాడు. "పట్టుకోండి, పారిపోనివ్వకండి" అని చక్రవర్తి అరిస్తే, "పారిపోడు ప్రభూ, ముందే శవపేటిక కొనుక్కున్నాడు" అని పక్కనున్న నపుంసక సేవకుడు చెప్పాడు. హై రుయి చదువుకున్నది కన్ఫ్యూషియన్ గ్రంథాలే.

మిగతావి గబగబా. లీగలిస్టు చట్టమంటే ప్రతి తప్పుకీ తల తీయడం కాదు. 1975లో చైనాలోని షుయ్‌హుడిలో చిన్ కాలపు చిన్న అధికారి సమాధిలో దొరికిన వెదురు బద్దల్లో, వెట్టి పనికి 3 నుంచి 5 రోజులు ఆలస్యమైతే చీవాట్లు, 6 నుంచి 10 రోజులైతే ఒక డాలు జరిమానా, అది దాటితే ఒక కవచం అని ఉంది. వానలొస్తే పని రద్దు. ముక్కులు కోసే శిక్షలూ ఆ చట్టంలోనే ఉన్నాయి, అవి మరవకూడదు. సహజంగా సాగేదాన్ని బలవంతంగా కెలకొద్దనే దావోయిస్టుల 'వూ వెయ్' అంటే సోమరితనం అని రాయకండి. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపలు వండడం లాంటిదన్నారు. ఊరికే కెలికితే చితికిపోతాయి. ఆ ఆలోచన బలంగా ఉన్న తొలి హాన్ కాలంలోనే భూమి శిస్తు పంటలో 30వ వంతుకు దిగింది. కొంగ్ ఫూజీ, కుంగ్ ఫుట్జు, కన్ఫ్యూషియస్ ముగ్గురూ ఒక్కరే. స్పెల్లింగ్ పద్ధతులు వేరంతే, పేర్ల గురించి టెన్షన్ పడకండి.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి 'షియావో జింగ్' 15వ అధ్యాయం తీశాను. పేరే పితృభక్తి గ్రంథం. తండ్రి ఆజ్ఞ పాటిస్తే చాలా అని శిష్యుడు అడిగితే, "ఇదేం మాట, ఇదేం మాట!" అని గురువు రెండుసార్లు కసిరాడు. తండ్రి తప్పు చేస్తుంటే అడ్డు చెప్పాలి, ఊరికే తలూపితే అది భక్తి ఎలా అవుతుందన్నాడు. అమ్మాయి దాన్ని తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకుంది.

వారం తర్వాత వాళ్ల నాన్నగారే ఆ నోట్‌బుక్ పట్టుకుని వచ్చారు. కోపంగానే ఉన్నారు. "అడ్డు చెప్పమన్నాడు సరే, ఎలా చెప్పమన్నాడు మేడమ్?" అని అడిగారు. లున్‌యు నాలుగో అధ్యాయం చూపించాను: తల్లిదండ్రులకు మెల్లగా చెప్పు, వాళ్లు వినకపోయినా గౌరవం తగ్గించకు. ఆయన రెండుసార్లు చదువుకున్నారు.

"మెల్లగానే చెప్పింది లెండి," అన్నారు. "నేనే వినలేదు."