మెత్త వేసినా తగ్గని అదురు

పోయిన నవంబరులో మా చిన్నాయన హిందూపురం నుంచి పొద్దున రైల్లో వచ్చి యలహంకలో దిగాడు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణమైన జీకేవీకేలో జరిగే కృషి మేళా, అంటే వ్యవసాయ ప్రదర్శన, చూడాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక. మధ్యాహ్నం దాకా తిరిగి, చివరికి ఒక కొత్త ట్రాక్టర్ ఎక్కి కూర్చున్నాడు. సీటు మెల్లగా కుంగి, మెల్లగా పైకి లేచింది. "ఏమిరా ఇది, ఉయ్యాల మాదిరి ఉంది" అన్నాడు. దిగేటప్పుడు మాత్రం మడ్‌గార్డు పట్టుకుని, ఇంకో చెయ్యి నడుము మీద పెట్టుకుని దిగాడు. పాతికేళ్లుగా ట్రాక్టర్ తోలుతున్న మనిషి. ఊళ్లో తన బండి సీటు మీద గోనెసంచి మడిచి, పైన మెత్త వేసుకుంటాడు.

నేను బెంగళూరు పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాపులో స్ప్రింగుల డిజైన్ చూస్తుంటాను. ఆ మెత్త సంగతి ఆయనకు ఎప్పుడో చెప్పాల్సింది.

కారుకు నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగులుంటాయి. మామూలు ట్రాక్టర్‌కు వెనక ఇరుసు దగ్గర ఏమీ ఉండవు. గేర్‌బాక్స్, ఇరుసు కలిసి ఒకే ఇనుప దిమ్మలా ఉంటాయి. నేలకూ ఆ దిమ్మకూ మధ్య మెత్తగా ఉండేది టైరు ఒక్కటే. టైరు కూడా స్ప్రింగే, కానీ ఊగడం మొదలుపెడితే తొందరగా ఆగదు. అందుకే గట్టి చేలో బండి మొత్తం సెకనుకు రెండు మూడు సార్లు ఎగిరెగిరి పడుతుంది. దానికి తోడు ఇంతకంటే వేగంగా వచ్చే చిన్న అదుర్లు.

మన ఒంటికీ ఒక ఊపు ఉంది. కూర్చున్న మనిషిని సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ కదిపితే పొట్ట, వెన్నుపూసలు ఆ కదలికను పెంచి చూపిస్తాయి. మనిషి కూర్చున్న మెత్త కూడా సుమారు సెకనుకు 4 సార్లే ఊగుతుంది. అంటే ఒంటికి ఏ అదురు చెడ్డదో మెత్త దాన్నే పెంచుతుంది. పిరుదులకు సుఖంగా ఉంటుంది, నడుముకు మేలు ఏమీ ఉండదు. ఆ పైన నాగలి ఎలా పోతోందో చూడ్డానికి గంటల తరబడి వెనక్కి తిరిగి తోలడం. మెలి తిరిగిన వెన్ను మీద అదురు ఇంకా గట్టిగా పడుతుంది.

ఆ రాత్రి ఇంట్లో మూడు రబ్బరు బ్యాండ్లు ముడివేసి, చివర తాళంకప్ప కట్టి చిన్నాయన చేతికిచ్చాను. చెయ్యి నిదానంగా ఆడిస్తే తాళంకప్ప చేతితోపాటే కదిలింది. కొంచెం వేగం పెంచితే చెయ్యి కంటే ఎక్కువగా ఎగిరిపడింది. ఇంకా వేగంగా ఆడిస్తే, చెయ్యి వణుకుతూనే ఉంది, కప్ప మాత్రం ఉన్నచోటే నిలబడింది. ఆయన దాన్ని మళ్లీ మళ్లీ చేసి చూశాడు. సీటు కింద స్ప్రింగు పెట్టి చేసే సస్పెన్షన్ మొత్తం ఇదే. మనిషి కూర్చున్న సీటును నొక్కి వదిలితే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అది దాని సొంత ఊపు. సీటు తన సొంత ఊపు కంటే సుమారు 1.4 రెట్లు వేగంగా వచ్చే అదుర్లను మాత్రమే ఆపగలదు. సొంత ఊపు సెకనుకు ఒకటిన్నర అయితే, 4 సార్లు వచ్చే అదురులో నడుముకు చేరేది, కాగితం మీద లెక్క ప్రకారం, సుమారు మూడో వంతే. కానీ సెకనుకు 2 సార్లు వచ్చే పెద్ద ఎగుడుకు ఆ సీటు చేయగలిగింది లేదు. అందుకే ఊపును ఇంకా తగ్గించాలని గాలి స్ప్రింగులు వాడతారు.

ఊపు తగ్గాలంటే స్ప్రింగు మెత్తబడాలి, మెత్తబడితే కుంగుతుంది. సెకనుకు ఒకటిన్నర ఊపు కావాలంటే కూర్చోగానే 11 సెంటీమీటర్లు, ఒక్కటే కావాలంటే 25 సెంటీమీటర్లు కుంగాలి. సీటు కింద కత్తెరలా మడుచుకునే చట్రానికి ఉండే చోటు మొత్తం 10 సెంటీమీటర్లో, ఇంకొంచెమో. అందుకని స్ప్రింగును ముందే లాగి లేదా నొక్కి బిగించి పెడతారు. ఎంత బిగించాలో మనిషి బరువును బట్టి ఉంటుంది, సీటు ముందున్న నాబ్ అందుకే. 85 కిలోల మనిషి నాబ్‌ను 60 కిలోల దగ్గర పెట్టుకుని కూర్చుంటే సీటు అడుగుకు దిగిపోతుంది, ప్రతి గతుకుకూ కింద రబ్బరు ముక్కకు ఠక్కున తగులుతుంది. ఆ దెబ్బ అసలు సస్పెన్షన్ లేని సీటు కంటే చేటు. పైసా ఖర్చు లేని పని ఇది, చాలామంది ఆ నాబ్ ముట్టుకోనే ముట్టుకోరు.

ఇక డాంపర్. నూనెలో పిస్టన్ కదిలే చిన్న గొట్టం. అది లేకపోతే సీటు ఒకసారి ఊగడం మొదలుపెట్టాక తొందరగా ఆగదు. మరీ బిగువుగా ఉంటే చిన్న అదుర్లన్నిటినీ నేరుగా పైకి పంపుతుంది. ఎటు వంచినా ఒకటి వదులుకోవాల్సిందే. మా పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది, ఎక్కువ ఇష్టమైనదీ ఇదే.

యూరోపియన్ యూనియన్ 2002లో దీనికి హద్దు పెట్టింది. 8 గంటల పనికి లెక్కగట్టిన అదురు 0.5 మీ/సె² దాటితే యజమాని తగ్గించే ఏర్పాట్లు చేయాలి. 1.15 దాటనివ్వకూడదు. భూమ్యాకర్షణలో ఇరవయ్యో వంతు అదురుకే చర్య మొదలన్నమాట. సొంత చేనులో తోలుకునే మనిషికి ఆ లెక్క చూసేవాళ్లెవరూ లేరు.

చిన్నాయన ఊరెళ్లాక ఫోన్ చేశాడు. తన బండి సీటుకున్న నాబ్ బురద పట్టి బిగుసుకుపోయి ఉందట. కిరోసిన్ పోసి రెండు రోజులు ఉంచితే తిరిగింది. తన బరువుకు పెట్టుకున్నాడు, మెత్త తీసేశాడు. సీటును చేత్తో అడుగు దాకా నొక్కి ఒక్కసారిగా వదిలి, ఎన్నిసార్లు ఊగిందో చెప్పమన్నాను.

"ఐదుసార్లు ఊగిందిరా" అన్నాడు.

ఒకటి రెండు సార్లకు ఆగాలి. డాంపర్‌లో నూనె పోయి చాలాకాలమై ఉంటుంది. రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం టేపు పెట్టి కొలిచి పంపమన్నాను. సంక్రాంతికి వెళ్లేటప్పుడు కొత్తది తీసుకెళ్తున్నాను.