నికోలస్ ఫ్లామెల్ పరుసవేది కథ: అపోహలు - వాస్తవాలు

పాత రాతప్రతులు, దస్తావేజులు చదివి కేటలాగ్ చేసే పని నాది, అందుకే ఆరువందల ఏళ్ల కిందట పారిస్‌లో బతికిన ఫ్లామెల్ పరుసవేదితో, అంటే తాకిన లోహాన్ని బంగారం చేసే రాయితో, బంగారం చేశాడంట, చావే లేదంట అని ఎవరైనా షేర్ చేస్తే ఊరుకోలేను. మా పనిలో ముందు అడిగేది ఒకటే, ఆ కాగితం ఎప్పటిది అని.

అపోహ: ఆయన పెద్ద రసవాది, అంటే మామూలు లోహాల్ని బంగారం చేసే విద్య తెలిసినవాడు, ఆ రహస్యం తనే పుస్తకంగా రాసిపెట్టాడు.

వాస్తవం: ఆయన పోయింది 1418లో, ఆయన పేరు మీద ఆ పుస్తకం పారిస్‌లో అచ్చయింది 1612లో. దాదాపు 200 ఏళ్ల తేడా! బతికున్నప్పటి కాగితాలు చూస్తే వీలునామా, ఇళ్ల కొనుగోళ్లు, అద్దెలు, చర్చిలకి రాసిచ్చిన దానాలు, ఇవే ఉంటాయి, కొలిమి ఊసు లేదు, పాదరసం ఊసు లేదు. సెయింట్ జాక్ ద లా బూషెరీ చర్చి దగ్గర కొట్టు పెట్టుకుని జనానికి కాగితాలు రాసిపెట్టిన లేఖరి ఆయన. అదే చర్చిలో ఫాదర్‌గా చేసిన విల్లాన్ ఈ కాగితాలన్నీ తిరగేసి 1761లోనే ఈ కథ నిలబడదని పుస్తకం వేశాడు, అయినా ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అపోహ: బంగారం చెయ్యకపోతే అంత డబ్బు ఎక్కడిది?

వాస్తవం: భార్య పెర్నెల్ సంగతి ఎవరూ ఎత్తరు, నాకు అదే బాధ. ఆవిడ అప్పటికే ఇద్దరు భర్తలు పోయిన మనిషి, ఆస్తితో వచ్చింది, ఎవరు ముందు పోయినా ఆస్తి రెండోవాళ్లకి చెందేలా ఇద్దరూ రాసుకున్నారు. 1397లో ఆవిడ పోయాక పుట్టింటివాళ్లు కోర్టుకి కూడా వెళ్లారు. దానికి ఈయన వృత్తి సంపాదన, ఇళ్ల అద్దెలు కలపండి, సరిపోతుంది.

అపోహ: ఆయన చనిపోలేదు.

వాస్తవం: సమాధి రాయి పారిస్‌లోనే క్లూనీ మ్యూజియంలో ఉంది. పైన క్రీస్తు, అటూ ఇటూ పీటర్, పాల్, ఒక సూర్యుడు, ఒక చంద్రుడు, అడుగున శవం బొమ్మ. రసవాదులు ఆ సూర్యుడు బంగారం, చంద్రుడు వెండి అని పట్టుకున్నారు, కానీ ఆ కాలం చర్చి శిల్పాల్లో క్రీస్తు పక్కన ఆ రెండూ మామూలే. బొమ్మల సంగతి వదిలేసి అక్షరాలు చదవండి. ఒకప్పటి లేఖరి నికోలస్ ఫ్లామెల్, బతికుండగా కొన్న ఇళ్లూ అద్దెలూ ఈ చర్చికి రాసిచ్చాడు, ఏటా ఆస్పత్రులకి దానం చెయ్యాలి, పోయినవాళ్ల కోసం ప్రార్థించండి, అని చెక్కి ఉంటుంది.

అపోహ: మోంమొరాన్సీ వీధిలో 51 నంబరు ఇల్లు ఆయన ప్రయోగశాల.

వాస్తవం: అందులో ఆయన కాపురమే లేదు. 1407లో పేద కూలీలు ఉండటానికి కట్టించాడు, అందులో ఉండేవాళ్లు పోయినవాళ్ల కోసం రోజూ ఒక పరలోక ప్రార్థన, ఒక మరియమ్మ ప్రార్థన చెప్పాలని గోడ మీదే రాయించాడు. పారిస్ వెళ్తే చూడండి, ఆ రాత ఇప్పటికీ గోడ మీదే ఉంది.