అమలు కాని చట్టం, తగ్గిన బరువు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం 2010 ఏప్రిల్‌లో వలసదారులపై ఒక కఠిన చట్టం చేసింది. పోలీసులు ఎవరినైనా ఆపినప్పుడు, దేశంలో ఉండే అనుమతి వారికి లేదేమోనన్న అనుమానం వస్తే పత్రాలు ఆరా తీయాలన్నది అందులో ప్రధానం. జులై చివర్లో, సరిగ్గా అమల్లోకి రావడానికి ముందురోజు, న్యాయస్థానం ముఖ్యమైన సెక్షన్లను నిలిపివేసింది. ఆ ఏడాది వాటి కింద ఎవరినీ పట్టుకోలేదు. అయినా ఆ సంవత్సరం రెండో సగంలో, లాటిన్ అమెరికా దేశాల నుంచి వలస వచ్చిన తల్లులకు అరిజోనాలో పుట్టిన బిడ్డల సగటు బరువు తగ్గింది. అమెరికాలోనే పుట్టిన తల్లుల విషయంలో, వారు తెల్లవారైనా, నల్లవారైనా, లాటినోలైనా (లాటిన్ అమెరికా మూలాలున్నవారైనా), ఆ తగ్గుదల కనిపించలేదు. చట్టం వస్తుందన్న బెదురు ఒక్కటే చాలిందన్నమాట.

ఇటువంటి పరిశోధనలకు పుట్టుక బరువు బాగా అక్కరకొస్తుంది. ప్రతి కాన్పులోనూ అది నమోదవుతుంది కాబట్టి, ఒక సంఘటనకు ముందు పుట్టినవారినీ తర్వాత పుట్టినవారినీ పోల్చవచ్చు. రెండున్నర కిలోల లోపు ఉంటే తక్కువ బరువు అంటారు. ఇవన్నీ సగటు లెక్కలే. ఫలానా బిడ్డ బరువు ఫలానా చట్టం వల్లే తగ్గిందని ఎవరూ చెప్పలేరు.

అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ చిన్న ఊరు. అక్కడి మాంసం కర్మాగారంపై 2008 మే 12న వలస విభాగం అధికారులు దాడి చేసి 389 మందిని అరెస్టు చేశారు. ఎక్కువ మంది గ్వాటెమాలా వారు. తర్వాతి నెలల్లో అయోవా రాష్ట్రమంతటా లాటినో తల్లులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే, 24 శాతం పెరిగిందని పరిశోధకులు లెక్కగట్టారు. తెల్లజాతి తల్లుల్లో పెరగలేదు. ఇక్కడ అరిజోనాకు భిన్నంగా, అమెరికాలోనే పుట్టి పూర్తి పౌరసత్వం ఉన్న లాటినో తల్లుల్లోనూ పెరుగుదల కనిపించింది. పౌరురాలికి అధికారుల భయమెందుకని అడగవచ్చు. భర్తకో, అన్నకో, పక్కింటివారికో పత్రాలు లేకపోవచ్చు. ముఖం చూసి అనుమానించేవారు ముందుగా పౌరసత్వం అడగరు కూడా. 2001 సెప్టెంబరు 11 ఉగ్రవాద దాడుల తర్వాతి ఆరు నెలల్లో కాలిఫోర్నియాలో అరబిక్ పేర్లున్న తల్లుల విషయంలోనూ ఇదే జరిగింది. తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం వారిలో 34 శాతం పెరిగింది.

భయం కడుపులోని బిడ్డను ఎలా చేరుతుంది? బెదిరినప్పుడు శరీరంలో కార్టిసోల్ అనే హార్మోన్ పెరుగుతుంది. కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయలోని ఒక ఎంజైము అందులో చాలా భాగాన్ని నిర్వీర్యం చేసి బిడ్డను కాపాడుతుంది. ఒత్తిడి విడవకుండా ఉంటే ఈ కాపలా సడలవచ్చని అధ్యయనాలు సూచిస్తున్నాయి. మరో తిరకాసూ ఉంది. కార్టిసోల్ పెరిగితే దాన్ని పుట్టించే ఒత్తిడి సంకేతాన్ని మెదడు తగ్గించుకుంటుంది. మాయ మాత్రం అదే సంకేతాన్ని మరింత పెంచుతుంది. ఆ సంకేతం ఎక్కువైనప్పుడు నెలలు నిండకముందే నొప్పులు మొదలయ్యే సందర్భాలు పెరుగుతాయి. ఇక భయపడిన మనిషి చేసే పనులు వేరే: నిద్ర ఉండదు, బయటికి వెళ్లరు, పరీక్షలకు రారు. రక్తపోటు, గర్భధారణలో వచ్చే మధుమేహం, రక్తహీనత బయటపడేది ఆ పరీక్షల్లోనే.

వలస వచ్చేవారు ముందే బలహీనులని వాదించేవారికి అమెరికా లెక్కలే జవాబు. మెక్సికోలో పుట్టి వచ్చిన తల్లులు పేదవారైనా, వారి బిడ్డల బరువు చాలాకాలంగా ఆశ్చర్యకరంగా బాగుంటోంది. తరం మారేకొద్దీ ఆ మేలు తగ్గుతోంది.

భయం సంగతి అలా ఉంచితే, డబ్బు సంగతి మరొకటి. అమెరికాలో దాదాపు పదింట నాలుగు కాన్పుల ఖర్చు పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ భరిస్తుంది. 1996 సంక్షేమ చట్టం, చట్టబద్ధంగా స్థిరపడిన వలసదారుల్లో చాలామందిని కూడా అయిదేళ్లపాటు ఆ బీమాకు దూరం పెట్టింది. పత్రాలు లేనివారికి అత్యవసర వైద్యం మాత్రమే, అంటే గర్భిణులకు కాన్పు ఖర్చు ఒక్కటే. తొమ్మిది నెలలు వదిలేసి చివరి రోజుకు డబ్బిచ్చే ఈ లెక్క ఏ గుమాస్తాకు నచ్చిందో తెలియదు. 2009లో ఒక చట్టం, చట్టబద్ధంగా ఉంటున్న గర్భిణులకు ఆ అయిదేళ్ల నిరీక్షణ ఎత్తివేసే వీలు రాష్ట్రాలకు ఇచ్చింది. ఒరెగాన్ రాష్ట్రం పత్రాలు లేని గర్భిణులకు కూడా ఒక్కొక్క కౌంటీలో (జిల్లా వంటి ప్రాంతంలో) ప్రసవపూర్వ వైద్యం అందించుకుంటూ వెళ్లింది. మొదలైన కౌంటీలనూ ఇంకా మొదలవనివాటినీ పోల్చి చూస్తే, తల్లుల పరీక్షలు పెరిగాయి, శిశు మరణాలు తగ్గాయి. స్వీడన్ 2013లో పత్రాలు లేనివారికీ ప్రసూతి వైద్యాన్ని చట్టంలో చేర్చింది.

తలుపు తెరిచినా అందరూ లోపలికి రారు. ప్రభుత్వ సాయం పొందితే శాశ్వత నివాసానికి అడ్డు కావచ్చనే నిబంధనను అమెరికా 2019లో విస్తరించింది. గర్భిణులు పొందే మెడికెయిడ్‌ను లెక్కలోకి తీసుకోబోమని ఆ నిబంధనలోనే రాశారు. గర్భిణులకూ పసిపిల్లలకూ పోషకాహారం అందించే పథకం అసలు జాబితాలోనే లేదు. కానీ నిబంధన ముసాయిదా దశలో ఉన్నప్పుడే, తమ పేర్లు తీసేయమని అడిగే తల్లులు ఆ పథకం కేంద్రాలకు రావడం మొదలైంది.